పన్ను లోపల ప్రాణం ఉంది
(చదువు కేంద్రంలో ఒక సాయంత్రం చెప్పిన మాటలు)

 

ఇవాళ మనం పంటి గురించి మాట్లాడుకుందాం. పన్ను గురించి కూడా పాఠమా అనుకోకండి. పంటి నొప్పి ఎన్నడూ పడని వాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఉంటే చెయ్యెత్తండి. చూశారా, ఒక్క చెయ్యీ లేవలేదు.

మరి నొప్పి వచ్చినప్పుడు మనం ఏం చేశాం? ఒకరు లవంగం పెట్టుకున్నారు. ఒకరు పొగాకు నొక్కుకున్నారు. ఒకరు వాకుడు గింజల పొగ పట్టారు. ఇంట్లో మగవాళ్ళకి నొప్పి వస్తే బస్సెక్కి పట్నం పోతారు. పిల్లలకి వస్తే మనమే ఎత్తుకుని పరిగెత్తుతాం. మనకే వస్తే? కొంగు దవడకి అదుముకుని పొయ్యి ముందు కూర్చుంటాం. చివరికి భరించలేక ఒకరోజు పీకించుకుని వస్తాం. అవునా, కాదా?

నేను డాక్టరుని కాను. మీ పిల్లలకి అక్షరాలు చెప్పే పంతులమ్మని. కానీ బడిలో రోజూ పిల్లల నోళ్ళు చూస్తాను. అందుకే ఈ సంగతి చదివి, డాక్టర్లని అడిగి తెలుసుకున్నాను. తెలిసింది మీకు చెబుతాను.

పన్ను రాయి కాదు

పన్ను పైకి రాయిలా కనిపిస్తుంది. కానీ అది రాయి కాదు. దానికి మూడు పొరలు ఉన్నాయి.

పైన తెల్లగా మెరిసేది పింగాణీ పొర. మన ఒంట్లో అన్నిటికన్నా గట్టిది ఇదే. ఎముక కన్నా గట్టిది. కానీ దీనికి ఒక లోపం ఉంది. చర్మం తెగితే మళ్ళీ అతుక్కుంటుంది. ఎముక విరిగితే కూడుకుంటుంది. పింగాణీ పొర విరిగితే మళ్ళీ పెరగదు.

దాని కింద పసుపు రంగు పొర ఉంటుంది. దీన్ని డెంటిన్ అంటారు. చల్లని నీళ్ళు తాగితే జివ్వుమనేది ఈ పొర బయటపడినప్పుడే.

అన్నిటికన్నా లోపల మెత్తని గుజ్జు ఉంటుంది. డాక్టర్లు దీన్ని పల్ప్ అంటారు. ఇందులో సన్నని రక్తనాళాలు ఉన్నాయి. నొప్పి తెలిపే నరాలు ఉన్నాయి. పంటికి తిండి పెట్టేది ఈ గుజ్జే. పన్నుకి ప్రాణం ఇదే.

చిగురు లోపల పంటికి వేర్లు ఉంటాయి. ముందు పళ్ళకి ఒక్కో వేరు. కింది దవడ పళ్ళకి మామూలుగా రెండు. పై దవడ పళ్ళకి మూడు. వేరు మధ్యలో సన్నని కాలువ ఉంటుంది. గుజ్జు ఆ కాలువ గుండా వేరు చివరి దాకా పోతుంది. అక్కడి నుంచే రక్తం పంటిలోకి వస్తుంది.

పుప్పి ఎట్లా పడుతుంది?

పంటిలో పురుగు ఉంటుందని మన పెద్దలు అన్నారు. పురుగు తీస్తామని ఊళ్ళు తిరిగే వాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు చూపించే పురుగు మన పంటిలోది కాదు. పంటిలో పురుగు ఉండదు.

ఉన్నది కంటికి కనపడని సూక్ష్మజీవులు. మనం తీపి తింటే అవీ తింటాయి. తిని పులుపు లాంటి ఆమ్లం వదులుతాయి. చింతపండుతో ఇత్తడి చెంబు తోముతారు కదా? పులుపుకి చిలుం కరిగిపోతుంది. అట్లాగే ఆ ఆమ్లానికి పింగాణీ పొర కొంచెం కొంచెంగా కరుగుతుంది. మొదట మచ్చ పడుతుంది. తరువాత గుంట పడుతుంది. గుంట లోతయ్యి గుజ్జు దాకా పోతుంది.

గుజ్జుకి సూక్ష్మజీవులు తగిలితే అది వాస్తుంది. వేలు వాస్తే బయటికి ఉబ్బుతుంది. పన్ను లోపల గుజ్జు ఎటు ఉబ్బుతుంది? చుట్టూ రాతి గోడలు. చోటు లేదు. అందుకే అంత పోటు. పడుకుంటే తలకి రక్తం ఎక్కువ చేరుతుంది. అందుకే రాత్రిళ్ళు నొప్పి ఎక్కువ.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట వినండి. కొన్నాళ్ళకి ఆ నొప్పి దానంతట అదే తగ్గిపోతుంది. మనం బతికాం అనుకుంటాం. ఫలానా ఆకు పసరు పని చేసింది అనుకుంటాం. కాదు. లోపలి గుజ్జు చచ్చిపోయింది. నరం చచ్చిపోతే నొప్పి ఎవరు చెబుతారు? నొప్పి పోయింది గానీ జబ్బు పోలేదు. అది వేరు చివర నుంచి దవడ ఎముకలోకి దిగుతుంది. అక్కడ చీము పడుతుంది. చిగురు మీద చిన్న పొక్కు లేస్తుంది. అది చితికి చీము కారుతుంది. మళ్ళీ లేస్తుంది.

ఒక్కోసారి ఆ చీము మెడలోకి, గొంతు కిందికి పాకుతుంది. దవడ కింద గట్టిగా వాచినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా, ఊపిరి కష్టమైనా, జ్వరం వచ్చినా ఆగకండి. తెల్లవారనిద్దాం అనుకోకండి. అప్పటికప్పుడే పెద్దాసుపత్రికి పోవాలి. పంటితో ప్రాణం పోవడం అబద్ధం కాదు.

రూట్ కెనాల్ అంటే ఏమిటి?

గుజ్జు చెడితే పన్ను పీకడం ఒక్కటే దారి కాదు. పన్నుని ఉంచి, చెడిన గుజ్జుని మాత్రమే తీసేయవచ్చు. దీన్నే రూట్ కెనాల్ అంటారు. వేరు కాలువని శుభ్రం చేయడం అని అర్థం.

ముందు ఎక్సరే తీస్తారు. వేర్లు ఎన్ని, ఎంత పొడుగు, చీము ఎంత దూరం పోయింది అని చూస్తారు. తరువాత మత్తు సూది ఇస్తారు. నొప్పి తెలియదు. పన్ను పై నుంచి చిన్న దారి చేస్తారు. సన్నని ఆకురాళ్ళ లాంటి సూదులతో కాలువలోని చెడు గుజ్జు తీస్తారు. మందు నీళ్ళతో పదే పదే కడుగుతారు. సూక్ష్మజీవుల్ని చంపేది ముఖ్యంగా ఆ కడుగుడే.

కాలువ శుభ్రమయ్యాక దాన్ని నింపాలి. ఖాళీగా వదిలితే మళ్ళీ చీము చేరుతుంది. నింపడానికి గట్టాపెర్చా అనే పదార్థం వాడతారు. ఇది మలయా దేశపు చెట్ల పాల నుంచి వచ్చింది. రబ్బరుకి చుట్టం అనుకోండి. ఒకప్పుడు సముద్రం అడుగున వేసిన తంతి తీగలకి తొడిగింది కూడా దీన్నే.

ఈ పని ఒక్కసారిలో అవ్వచ్చు. రెండు మూడు సార్లు తిరగాల్సి రావచ్చు. మధ్యలో నొప్పి తగ్గిందని మానేయకూడదు. సగం చేసి వదిలేసిన పన్ను, తలుపు వెయ్యని ఇల్లు ఒకటే.

చివర్లో దవడ పంటికి తొడుగు వేయించుకోవాలి. క్యాప్ అంటారే, అదే. పుప్పికి సగం పోయిన పన్ను బలహీనంగా ఉంటుంది. తొడుగు లేకుండా జంతికలు, చెరకు కొరికితే నిలువునా చీలిపోతుంది. అప్పుడు పీకడమే గతి.

పై పన్ను ముట్టుకుంటే కంటి చూపు పోతుందని భయపడతారు. అది నిజం కాదు. పంటి నరం వేరు, కంటి చూపు నరం వేరు. కడుపుతో ఉన్నవాళ్ళు పంటి వైద్యం చేయించుకోకూడదు అంటారు. అదీ నిజం కాదు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా వీలుగా ఉంటుంది. చీము పడితే ఏ నెలలోనైనా వైద్యం చేయించాలి. కడుపుతో ఉన్నామని డాక్టరుకి ముందే చెప్పాలి. షుగరు, గుండె జబ్బు, రక్తం పలచబడే మాత్రలు ఉంటే అవీ చెప్పాలి.

పిల్లల పన్ను వేరు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఆరేడేళ్ళకి పాల పళ్ళు ఊడటం మొదలవుతుంది. పాల పళ్ళు 20. వాటి చోట శాశ్వత పళ్ళు వస్తాయి. ఏడు, ఎనిమిదేళ్ళకి పై ముందు పళ్ళు వస్తాయి. పన్ను చిగురు బయటికి వచ్చింది కదా, ఇక పూర్తయింది అనుకుంటాం. పూర్తి కాలేదు. లోపల వేరు ఇంకా పెరుగుతూనే ఉంటుంది. అది పూర్తవడానికి మరో మూడేళ్ళు పడుతుంది. అప్పటి దాకా వేరు గోడలు పలచగా ఉంటాయి. వేరు చివర గరాటులా తెరుచుకుని ఉంటుంది.

ఆ వేరుని కట్టే మేస్త్రి ఎవరు? లోపలి గుజ్జే. గుజ్జు చచ్చిపోతే కట్టడం ఆగిపోతుంది. పలచ గోడల పన్ను అట్లాగే మిగిలిపోతుంది.

ఈ వయసులోనే పిల్లలు ఎక్కువ పడతారు. బోరింగు దగ్గర జారి పడతారు. గోడ దూకి పడతారు. ముందు పంటికి దెబ్బ తగులుతుంది.

మా బడిలో ఒక పాప ఉంది. ఎనిమిదేళ్ళప్పుడు అరుగు మీద నుంచి పడి ముందు పన్ను సగం విరిగింది. రెండు రోజులు నొప్పి అని ఏడ్చింది. తరువాత ఊరుకుంది. ఇంట్లో వాళ్ళూ ఊరుకున్నారు. ఏడాది తిరిగేసరికి చిగురు మీద పొక్కు లేచింది. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేది. పాఠం చదవమంటే లేచేది కాదు. పీకించేద్దాం అన్నారు నాయనమ్మ. ఆడపిల్ల, ముందు పన్ను లేకపోతే ఎట్లా అని తల్లి ఏడ్చింది. అంత చిన్న పిల్లకి అప్పుడే పెళ్ళి గొడవ ఎందుకులెండి. పిల్ల నవ్వాలి, తినాలి, నోరు విప్పి చదవాలి. అదీ ముఖ్యం.

ఆ పంటికి మామూలు రూట్ కెనాల్ కుదరదు. ఎందుకంటే వేరు చివర తెరిచి ఉంది. అడుగు లేని గ్లాసులో నీళ్ళు పోస్తే నిలుస్తాయా? ఇదీ అంతే. అందుకని ముందు అడుగు కట్టాలి. పాత పద్ధతిలో సున్నం జాతి మందు నెలల తరబడి పెట్టి అడుగు గట్టిపడేలా చేసేవారు. తరువాత సిమెంటు లాంటి మందుతో అడుగు మూయడం వచ్చింది. ఇప్పటికీ చాలా చోట్ల అదే చేస్తున్నారు. మంచి పద్ధతే. కానీ వేరు గోడలు పలచగానే ఉండిపోతాయి. మళ్ళీ దెబ్బ తగిలితే విరుగుతాయి.

మోడు చిగురించినట్టు

మరి చచ్చిన గుజ్జు చోట మళ్ళీ ప్రాణం ఉన్నదేదైనా పెంచలేమా? ఈ ప్రశ్న డాక్టర్లు చాలా కాలం కిందటే వేసుకున్నారు. నార్వే దేశపు దంత వైద్యుడు నైగార్డ్ ఓస్ట్‌బీ 1961లోనే దీని మీద తన పరీక్షల సంగతి రాశాడు. 2001లో జపాను డాక్టర్లు, 2004లో అమెరికా డాక్టర్లు పెరుగుతున్న పిల్లల పళ్ళలో ఇది చేసి చూపించారు. అప్పటి నుంచి చాలా దేశాల్లో చేస్తున్నారు. మన దేశంలోనూ చేస్తున్నారు.

ఎట్లా చేస్తారో చెబుతాను.

మొదటిసారి పన్ను తెరిచి మందు నీళ్ళతో మెల్లగా కడుగుతారు. గోడలు పలచన కాబట్టి ఎక్కువ గీకరు. లోపల మందు పెట్టి తాత్కాలికంగా మూస్తారు. రెండు వారాల నుంచి నాలుగు వారాలు ఆగుతారు.

రెండోసారి చూసేసరికి చీము, నొప్పి ఉండకూడదు. ఉంటే మళ్ళీ మందు పెడతారు. లేకపోతే మత్తు ఇచ్చి, సన్నని సూదిని వేరు చివర దాటించి కొంచెం గీరుతారు. రక్తం వస్తుంది. భయపడకండి. ఆ రక్తం కోసమే గీరేది. రక్తం కాలువలోకి ఎక్కి గడ్డ కడుతుంది.

సొర పాదు పాకాలంటే పందిరి కావాలి కదా? ఆ రక్తపు గడ్డే పందిరి. వేరు చివర దగ్గర మూలకణాలు అనేవి ఉంటాయి. ఇవి విత్తనాల లాంటివి. ఇంకా ఏమీ కాలేదు, కొన్ని రకాల కణాలుగా మారగలవు. రక్తంతో పాటు అవి లోపలికి చేరి పందిరి పట్టుకుని పెరుగుతాయి. పైన సిమెంటు లాంటి మందు వేసి గట్టిగా మూసేస్తారు. సూక్ష్మజీవి దూరకూడదు.

తరువాత కొన్ని నెలలకోసారి ఎక్సరే తీసి చూస్తారు. ముందు చీము పట్టిన ఎముక మానుతుంది. ఏడాది, రెండేళ్ళలో వేరు గోడ మందం అవుతుంది. గరాటు మూతి మూసుకుంటుంది. కొన్ని పళ్ళకి చల్లదనం కూడా మళ్ళీ తెలుస్తుంది.

మన బడి పాపకి ఇట్లాగే చేశారు. పట్నంలోని దంత కళాశాలలో. నాలుగు వారాల తరువాత రమ్మన్న తేదీని వాళ్ళమ్మ తానే క్యాలెండరు మీద రాసుకుంది. ఈ కేంద్రంలో నేర్చుకున్న అంకెలతోనే రాసుకుంది. ఆ రోజు కూలి మానుకుని తీసుకుపోయింది. ఏడాది తరువాత ఎక్సరేలో వేరు గోడ మందమయింది. పొక్కు మళ్ళీ రాలేదు. విరిగిన ముక్క చోట పంటి రంగు మందు పెట్టారు.

ఉన్నమాట కూడా చెప్పుకోవాలి

ఇది మంత్రం కాదు. అందరికీ ఫలించదు. లోపల పెరిగేది అచ్చం పాత గుజ్జే అని చెప్పలేం. చాలాసార్లు ఎముక లాంటి పదార్థం పెరుగుతుంది. కొన్ని మందుల వల్ల పన్ను నల్లబడచ్చు. వేరు ఏమీ పెరగకపోవచ్చు. అప్పుడు పాత పద్ధతి ఎట్లాగూ ఉంది.

పెద్దవాళ్ళకి ఇది ఇంకా మామూలు వైద్యం కాలేదు. మన వేర్ల చివరలు మూసుకుపోయి సన్నగా ఉంటాయి. మనకి మామూలు రూట్ కెనాలే మేలు.

మూలకణాల మీద పరిశోధన మాత్రం బాగా సాగుతోంది. అమెరికాలో సాంగ్‌టావో షి అనే దంత వైద్యుడు తన ఆరేళ్ళ కూతురి ఊగే పాల పన్ను తీస్తూ ఆలోచనలో పడ్డాడు. లోపల ఎర్రగా ఉన్నదేమిటి అని పరీక్ష చేశాడు. పాల పంటి గుజ్జులో మూలకణాలు ఉన్నాయని 2003లో ఆయన బృందం ప్రకటించింది. మనం ఇంటి కప్పు మీదకి విసిరేసే పన్నే అది! 2018లో చైనా డాక్టర్లు 40 మంది పిల్లలతో చేసిన పరీక్ష ఫలితాలు చెప్పారు. ఆ పిల్లల్లో కొందరి పాల పంటి కణాలని పెంచి, దెబ్బ తిన్న వాళ్ళ ముందు పళ్ళలో పెట్టారు. ఏడాదికి ఆ పళ్ళలో రక్తం పారింది. స్పర్శ తెలిసింది. కానీ ఇది ఇంకా మన ఊరి పక్క ఆసుపత్రికి రాలేదు. పాల పళ్ళు దాచిపెడతాం, డబ్బు కట్టండి అని ఎవరన్నా వస్తే తొందరపడకండి. ప్రభుత్వ దంత వైద్యుణ్ణి అడగండి.

దెబ్బ తగిలితే ఏం చేయాలి?

ఇది గోడ మీద రాసి పెట్టుకోండి.

పన్ను విరిగి లోపల ఎర్ర చుక్క కనిపిస్తే ఆ రోజే తీసుకుపోవాలి. త్వరగా పోతే గుజ్జులో బతికి ఉన్న భాగాన్ని కాపాడచ్చు. అప్పుడు ఇంత వైద్యమే అక్కరలేదు. విరిగిన ముక్క దొరికితే తీసుకుపోవాలి. అతికించవచ్చు.

పన్ను మొత్తం ఊడి పడితే, అది శాశ్వత పన్నయితే:

వేరు ముట్టుకోకూడదు. తెల్లని పై భాగం పట్టుకోవాలి.
మట్టి అంటితే కొన్ని క్షణాలు చల్లని నీళ్ళతో కడగాలి. రుద్దకూడదు. సబ్బు పెట్టకూడదు.
చేతనైతే వెంటనే దాని గుంటలోనే పెట్టి, శుభ్రమైన గుడ్డ కొరికి పట్టుకోమనాలి.
చేతకాకపోతే గ్లాసుడు పాలల్లో వేయాలి. నీళ్ళల్లో వేయకూడదు. పొడి కాగితంలో చుట్టకూడదు.
అర గంటలో డాక్టరు దగ్గర ఉంటే మంచిది. గంట దాటి ఎండితే ఆశ తగ్గుతుంది.

పాల పన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టకూడదు. కింద ఉన్న కొత్త పంటికి దెబ్బ.

ఇంకో మాట. ఆరేళ్ళకి పాల పళ్ళ వెనకాల ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది. అందుకని దాన్ని పాల పన్ను అనుకుంటాం. పుప్పి పడితే ఊడిపోతుందిలే అని వదిలేస్తాం. అది పాల పన్ను కాదు. జీవితాంతం ఉండాల్సిన పన్ను. ఈ రాత్రి మీ పిల్లల నోట్లో చూడండి.

డబ్బు మాట

రూట్ కెనాల్‌కి ప్రైవేటులో చాలా అడుగుతారు. పీకడం చవక. నిజమే. కానీ హైదరాబాదు, విజయవాడ, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో చాలా చోట్ల దంత వైద్యులు ఉంటారు. ముందు అక్కడ అడగండి. ఒకరు బస్సు చార్జీకి వెనకాడితే, మీ పొదుపు సంఘం ఉంది కదా, అక్కడ మాట్లాడండి.

పీకాల్సిన పన్ను కూడా ఉంటుంది. అది తప్పు కాదు. కానీ పీకే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ పన్ను నిలబెట్టచ్చా? ఎన్నిసార్లు రావాలి? మొత్తం ఎంత అవుతుంది? కాగితం మీద సంతకం పెట్టమంటే చదివి పెట్టండి. అర్థం కాకపోతే చదివి చెప్పమనండి. ఇప్పుడు మనం వేలిముద్ర వాళ్ళం కాదు.

పంటి గుంటలో పొగాకు, జిల్లేడు పాలు, నొప్పి మాత్ర పెట్టకండి. నోరు కాలుతుంది. రోజుకి రెండుసార్లు ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోముకోండి. రాత్రి తోమడం ముఖ్యం. బొగ్గు, ఇటుక పొడి పింగాణీని అరగదీస్తాయి.

చివరగా, కొంగు దవడకి అదుముకుని కూర్చున్న అక్కకి చెబుతున్నాను. నీ పన్నుకీ ప్రాణం ఉంది. ఇంట్లో అందరి తరువాత చూద్దాంలే అనుకోకు. వచ్చే సోమవారం పోదాం. నేనూ తోడు వస్తాను.

చదివారు కదా, చెప్పండి
1. నొప్పి తగ్గితే పన్ను బాగయినట్టేనా? ఎందుకు?
2. శాశ్వత పన్ను ఊడి పడితే దేనిలో వేయాలి?
3. మీ ఇంట్లో ఆరేళ్ళు దాటిన పిల్లల నోట్లో దవడ పన్ను చూడండి. చూసింది నోటుపుస్తకంలో రెండు వాక్యాలు రాయండి.